దోసపాదు మీద రాజశాసనం

ఒకానొక రాజ్యంలో అని ఊరుకుంటే ఆ రాజుకు కోపం వస్తుంది. అందుకని పేర్లతో సహా చెబుతాను. రాజ్యం మేడవరం, రాజు గజసింహ భూపాలుడు. ఆయన తుమ్మినా సరే, భట్రాజులు బిరుదులు చదవవలసిందే. మనసు మాత్రం మంచిది. ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుందేమోనని మీసాలు ఎప్పుడూ మెలితిప్పి ఉంచేవాడు.

ఆయనకు ఇష్టమైనవి రెండు. ఒకటి నువ్వుండలు. వాటిని రాజవైద్యుడు ఏడాది కిందటే మాన్పించాడు. రెండోది శయనమందిరం వెనక తన చేతుల్తో పెంచుకుంటున్న దోసపాదు. ఒక్కో పిందెకూ ఒక్కో పేరు పెట్టుకున్నాడంటే నమ్మండి.

ఆ ఏడు కాయలు పసుపు తిరిగే వేళకు ఎలుకలు పడ్డాయి. రోజూ పొద్దున్నే ఒక కాయకు చిల్లు. రాజు సభలో మండిపడ్డాడు.

"కోటగోడ అవతల నాంచారమ్మ పెరడుంది. ఎలుకలన్నీ అక్కడినుంచే వస్తున్నాయి. మూడు రోజుల్లో ఆ పెరడు చదును చేసి బండలు పరిపించండి!"

సభలో అందరూ తలలూపారు, సోమప్ప తప్ప. సోమప్ప ఆస్థానంలో చమత్కారి. రాజును నవ్వించడమే అతని కొలువు. కానీ ఆ పూట అతనికే నవ్వు రాలేదు. తల్లీదండ్రీ లేని పసివాడిగా ఈ ఊరు చేరినప్పుడు అతనికి అన్నం పెట్టింది నాంచారమ్మే. ఆమె మొగుడు చెంచయ్య ఎలుకలు పట్టేవాడు. పోయి పదేళ్ళయింది. అతను నాటిన దానిమ్మా, అతను తవ్విన మళ్ళూ, వాటిలో బీరా, చిక్కుడూ, చేమా మిగిలాయి. ఆమెకు తిండీ అదే, తోడూ అదే.

సోమప్ప వెళ్ళేసరికి ఆమె చిక్కుడు పందిరి కింద, మట్టి మీద అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"నేను పోయాక పరుచుకోమని చెప్పు నాయనా," అంది. "ఎంతకాలం ఉంటానని? నా కళ్ళముందే ఎందుకు?"

సోమప్ప ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏడవకు పెద్దమ్మా. ఆ ఎలుకల కన్నం ఎక్కడుందో చూపించు ముందు."

కన్నం గోడవారగా ఉంది. నాంచారమ్మ పలుగుతో నాలుగు పెళ్ళలు లేపింది. ఎలుకలు తిండి దాచుకునే గూడు బయటపడింది. అందులో బీరగింజ లేదు, చేమదుంప లేదు. ఉన్నవన్నీ నువ్వులు, బెల్లం పాకంతో అంటుకుపోయిన నువ్వులు.

"నువ్వులు వండుకుని ఎన్నేళ్ళయిందో నేను!" అంది ఆమె బుగ్గ నొక్కుకుంటూ. "ఎవరో కలిగినవాళ్ళింటి ఎలుకలు నాయనా ఇవి."

సోమప్ప ఒక ముక్క తీసి వాసన చూశాడు. యాలకులు కూడా దండిగా పడ్డాయి. ఏడాదిగా నువ్వుండ ముట్టలేదని ఒట్టేసి చెప్పే పెద్దమనిషి ఒకరు గుర్తొచ్చి, ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు.

"పెద్దమ్మా, పెదనాన్న ఎలుకలు పట్టే పొగకుండ ఉందా ఇంకా?"

"అటక మీద ఉంది. ఎందుకు పారేస్తాను?"

మర్నాడు సభలో సోమప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, తమ ఆజ్ఞ దివ్యంగా ఉంది. కానీ ఒక్క పెరటికే ఎందుకు? రాజ్యమంతటికీ శాసనం చేయండి. ఎలుకలు ఏ ఇంటి తిండి తిని బలుస్తున్నాయో ఆ ఇంటి పెరడు చదును చేయాలి, అది ఎవరిదైనా సరే."

"ఎవరిదైనా సరే!" రాజు మీసం దువ్వాడు. "రాయండి శాసనం. అయినా అది నాంచారమ్మ ఇల్లేగా?"

"అదీ తేలిపోతుంది ప్రభూ. రేపు ఆమె కన్నంలో పొగ పెడుతుంది. ఆ పొగ ఎక్కడ తేలితే అదే ఎలుకల వంటిల్లు."

మూడో రోజు పొద్దున్నే రాజు గొడుగూ, భట్రాజులూ, పరివారంతో పెరట్లోకి విచ్చేశాడు. నాంచారమ్మ పొగకుండలో గడ్డి కుక్కి నిప్పేసింది. కుండ మూతిని కన్నానికి ఆనించి, అడుగున ఉన్న చిల్లులోంచి బుగ్గలు పొంగేలా ఊదింది. పొగ లోపలికి పోయింది. ఆమె పెరట్లో ఎక్కడా తేలలేదు. గోడ అవతల దోసపాదు దగ్గరా తేలలేదు.

ఇంతలో కోటలోంచి కేక వినబడింది. "శయనమందిరంలో పొగ!"

అందరూ పరుగెత్తారు. రాజుగారి పట్టెమంచం కింద పొగ సుళ్ళు తిరుగుతోంది. ఎలుకలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. ఒకటి రాజు పాదం మీదుగా పోయింది. ఆయన ఒక్క గెంతున మంచమెక్కాడు. భట్రాజులు అలవాటుగా బిరుదులు అందుకున్నారు.

భటులు మంచాన్ని రాజుతో సహా జరిపారు. గోడ మూలన కన్నం, దాని పక్కన బుట్ట, బుట్ట నిండా నువ్వుండలు. వెనక రాజవైద్యుడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

సోమప్ప చేతులు జోడించాడు. "ఆహా, ఎంత పద్ధతైన ఎలుకలు ప్రభూ! ఉండలు చుట్టాయి, బుట్టలో పేర్చాయి, పైన తమ పట్టు ఉత్తరీయం కూడా కప్పాయి!"

రాజు పెదవులు అదిరాయి గానీ నవ్వే వ్యవధి లేకపోయింది. తలారి కొత్తగా కొలువులో చేరినవాడు. శాసనంలో ‘ఎవరిదైనా సరే’ అని ఉందిగా, పలుగు భుజాన వేసుకుని దోసపాదు వైపు నడిచాడు.

"ఆగు!" రాజు మంచం దిగి వాడి వెంట పరుగెత్తాడు. "నా చేత్తో విత్తు నాటి పెంచాను దాన్ని! పొద్దున లేచి దాన్ని చూడందే నాకు..."

"మొన్న గోడ అవతల కూడా ఇంచుమించు ఇదే మాట విన్నాను ప్రభూ," అన్నాడు సోమప్ప మెల్లిగా.

రాజు మీసం మీది చెయ్యి కిందికి జారింది.

నాంచారమ్మ మసి మొహంతోనే వచ్చి తలారికి అడ్డం నిలబడింది. "పలుగు దించవయ్యా. పిందెలతో ఉన్న తీగ. నా పెరడు పోతే పోనీ, పచ్చటి పాదును పీకుతుంటే నేను చూడలేను." తర్వాత రాజు వైపు తిరిగింది. "ఆ బుట్ట ఉట్టి మీద పెట్టుకో దొరా. ఎలుక అందుకోలేదు."

"వైద్యుడూ అందుకోలేడు," అన్నాడు సోమప్ప.

రాజు పకపకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. కొన్ని నీళ్ళు నవ్వువి కావని సోమప్పకు తెలుసు. శాసనం అక్కడికక్కడే చింపేశాడు. పెరడు నాంచారమ్మదేనని, ఏ రాజూ దాని జోలికి పోరాదని రాగిరేకు మీద చెక్కించాడు. సోమప్పకు తన చేతి కంకణం తీసి తొడిగాడు. బుట్ట కూడా అతనికే ఇవ్వవలసి వచ్చింది, వైద్యుడు చూస్తున్నాడు మరి.

నాంచారమ్మ దండం పెట్టి వెళ్ళబోతుంటే రాజు కాస్త తటపటాయించాడు.

"అమ్మా, ఈ పాదుకు పిందెలు రాలిపోతున్నాయి. ఎందుకో ఒకసారి చూడవూ?"

ఆమె కింద కూర్చుని వేలితో మట్టి కెలికింది. రాజు కూడా పట్టుబట్టలతోనే ఆమె పక్కన బురదలో చతికిలబడ్డాడు.

"నీళ్ళు మరీ ఎక్కువ పోస్తున్నావు నాయనా," అంది నాంచారమ్మ.

"తగ్గిస్తానమ్మా," అన్నాడు గజసింహ భూపాలుడు, తల వంచుకుని.