పెంటయ్య బ్యాటు, గుక్కెడు నీళ్లు

పులిగుండం అడవిలో తగవులు టేబుల్ టెన్నిస్‌తో తీరతాయి. నవ్వకండి. కొండ కింద గెస్ట్‌హౌస్ పాడుబడి మనుషులు వెళ్లిపోయాక ఆ బల్ల, బ్యాట్లు, డబ్బాడు బంతులు జంతువులకు దక్కాయి. కొమ్ములతో పొడుచుకుని చావడం కంటే ఇదే నయమని పెద్దలు కట్టుబాటు పెట్టారు.

ఎండాకాలం వాగంతా ఎండి ఒక్క మడుగు మిగులుతుంది. ఏటా దానికోసం ఒకే ఒక్క ఆట, పదకొండు పాయింట్లు. గెలిచిన వర్గం పొద్దున్నే తేట నీళ్లు తాగుతుంది. ఓడినవాళ్లకు మిట్టమధ్యాహ్నం మిగిలిన బురద. కిందటేడు గడ్డి తినేవాళ్లు ఓడారు. ఆ బురద తాగి మూడు దుప్పి పిల్లలు చచ్చిపోయాయి. అందులో ఒకటి చుక్కమ్మది. ఈ ఏడు ఆవిడకు మళ్లీ ఓ పిల్ల, పుట్టి తొమ్మిది రోజులు.

ఈసారీ వాళ్ల తరఫున ఆడేది కొండముచ్చు ఎల్లమంద. కిందటేడు ఓడిందీ వాడే. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోయినా వాడు మరిచిపోలేదు. తీరా ఆటకు ముందురోజు వాడి బ్యాటు బల్ల అంచుకు తగిలి విరిగింది. ఇక మిగిలింది ఒక్కటే, చనిపోయిన ఎలుగు పెంటయ్య బ్యాటు. ఆయన గుహలో ఏళ్లుగా వేలాడుతోంది. దాని రబ్బరు పాతకాలపుది, గట్టిది, దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగింది.

అంతలో అవతలి వర్గం, అంటే మాంసం తినేవాళ్ల ఆటగాడు, నక్క జంబయ్య వచ్చాడు. ఊరక రారు మహానుభావులు.

"ఏం బావా, బ్యాటు విరిగిందటగా! ఇదిగో, నా రెండో బ్యాటు తీసుకో. కొత్త రబ్బరు."

"నాకెందుకిస్తావ్?"

"సరిజోడుతో ఆడి గెలిస్తేనే కదయ్యా పేరు!" అంటూ జంబయ్య కొత్త రబ్బరు మీద బంతి వదిలాడు. చెవులదాకా లేచింది. పెంటయ్య బ్యాటు మీద వదిలాడు. బెత్తెడు లేచి ఊరుకుంది. "చూశావా? చచ్చిన రబ్బరు. పెంటయ్యతోపాటే పూడ్చాల్సింది."

వాడు వెళ్లగానే అందరూ కొత్తదాని మీద పడ్డారు. కొత్తొక వింత, పాతొక రోత! తాబేలు కూర్మయ్య ఒక్కడే కదల్లేదు. మూడు తరాల ఆట చూసిన ముసలాడు.

"బంతి వదిలి రబ్బరు తేల్చేస్తారట్రా? ఎద్దు రంకె విని అరక దున్నుతుందని చెప్పినట్టుంది. ఆడి చూడు."

ఎల్లమంద కొత్తదాంతో పది బంతులు ఆడాడు. ఆరు బల్ల దాటి పోయాయి.

"వేగం ఉంది తాతా! చేతికి పట్టుబడితే..."

"పట్టుబడ్డానికి నెల పడుతుంది. నీకున్నది ఒక్క పూట. వాడు ఇచ్చింది అందుకే."

పాతదాంతో ఆడాడు. బంతి రబ్బరు మీద జారిపోయింది. కూర్మయ్య రబ్బరు తడిమి చూశాడు.

"ఇది రబ్బరు కాదు, దుమ్ము. కడిగితేగానీ దీని సంగతి తేలదు."

"నీళ్లెక్కడివి తాతా? ఆట అయ్యేదాకా మడుగు ముట్టకూడదు."

చుక్కమ్మ లేచి పొదలోంచి సొరబుర్ర నోట కరుచుకుని వచ్చింది. అడుగున గుక్కెడు నీళ్లు. తనకు పాలు ఎండిపోయి, రాత్రి గడవడానికి పిల్లకోసం దాచినవి.

"వద్దక్కా," అన్నాడు ఎల్లమంద. "ఇది కడిగినా పనికిరాకపోతే?"

"రేపు ఓడితే ఈ గుక్కెడు నా బిడ్డను ఎన్నాళ్లు కాపాడుతుంది తమ్ముడూ? కడుగు."

ఎల్లమంద ఒక్క బొట్టు వృథా కాకుండా ఆకుతో తుడిచాడు. దుమ్ము కింద నల్లటి నునుపు బయటపడింది. వేలు పెడితే అంటుకుంది. సర్వీసు కొట్టి చూస్తే బంతి బల్ల మీద పడి గిర్రున పక్కకు తిరిగింది. అందరూ కేరింతలు కొట్టారు.

"ఆగండ్రా," అన్నాడు కూర్మయ్య. "పాతదని పూజ చేయకండి. పెంటయ్య రోజుల్లో ఆడింది డబ్బాలోని చిన్న బంతులతో, అవి అయిపోయి ఇప్పుడు పెద్దవే మిగిలాయి. అప్పటంత తిప్పుడు ఇక రాదు. దూరం జరిగి కొడితే దీంట్లో బలమే లేదు. సర్వీసు, వలకు దగ్గరగా పొట్టి బంతి, బల్ల దగ్గరే నిలబడి అడ్డుకోవడం, ఈ మూడే దీనికొచ్చు. అడుగు వెనక్కేశావో, చచ్చావే."

"చంపే దెబ్బ లేదా తాతా?"

"మనం ఎవర్నీ చంపక్కర్లేదురా. నీళ్లు తాగాలి, అంతే."

తెల్లారింది. రాత్రంతా ఏడ్చిన దుప్పి పిల్ల ఇప్పుడు ఏడవడం కూడా మానేసి తల్లి కాళ్ల దగ్గర పడుంది.

ఆటకు ముందు ఒకరి బ్యాటు ఒకరు చేత్తో తడిమి చూసుకోవాలని కట్టుబాటు. ఎల్లమంద కొత్త బ్యాటు తిరిగిచ్చేసి పెంటయ్యది చాచాడు. జంబయ్య పకపకా నవ్వాడు.

"చచ్చినోడి బ్యాటా! ఛీ, ఆ రబ్బరు నేను ముట్టను." పిడి పట్టుకుని పైనుంచి బంతి వదిలాడు. బెత్తెడే లేచింది. "నిన్నటిదేగా! కానియ్."

మొదటి సర్వీసు నక్కది. కొట్టిన దెబ్బకు బల్ల అదిరింది. చూస్తుండగానే నక్క ఆరు, ఎల్లమంద రెండు. ఎల్లమంద తెలియకుండానే అడుగు వెనక్కేశాడు.

"కాళ్లు!" అని అరిచాడు కూర్మయ్య.

వాడు బల్లకు అతుక్కుపోయాడు. ఆ తర్వాత జంబయ్య ఎంత బలంగా కొట్టినా బంతి మెత్తగా వల పక్కనే పడింది. దూరాన నిలబడి కొట్టేవాడు ముందుకు పరుగెత్తలేక రొప్పాడు. సర్వీసులైతే ఎటు తిరుగుతున్నాయో అంతు పట్టలేదు. తొమ్మిది, తొమ్మిది. తర్వాతి సర్వీసును జంబయ్య వలలో కొట్టాడు. పది, తొమ్మిది.

సర్వీసు మళ్లీ ఎల్లమందదే. రబ్బరు మీద నోటితో ఆవిరి ఊది, అరచేత్తో తుడిచి, పొట్టిగా వేశాడు. జంబయ్య బలమంతా పెట్టి బాదాడు. బంతి పక్కకు తిరిగి పొదల్లో పడింది. పదకొండు, తొమ్మిది.

"మోసం! నిన్న చచ్చిన రబ్బరు ఇవాళ ఎలా లేచింది?" అని రంకెలేశాడు.

"చేతికే ఇచ్చాం కదరా," అన్నాడు కూర్మయ్య. "ముట్టుకుని ఉంటే నీకే తెలిసేది."

ఎల్లమంద ఆ గోల పట్టించుకోకుండా బోర్లాపడున్న సొరబుర్ర తీసుకుని మడుగు దగ్గరికి పరుగెత్తాడు. మొదటి బుర్ర నీళ్లు తనే తెచ్చి పిల్ల నోటికి అందించాడు. అది కాసేపు కదల్లేదు. చుక్కమ్మ వంగి దాని మెడ నాకింది. తర్వాత గుటక వేసిన చప్పుడు అందరికీ వినపడింది.

పాతదాన్ని ముట్టకుండా ఛీకొట్టినా, కడగకుండా మొక్కినా నష్టమే. పట్టి చూసి, ఆడి చూసి, ఆ తర్వాతే మాట్లాడాలి.