ఉట్టెక్కిన పొడుగయ్య

అనగనగా ఒక ఊళ్ళో ఏ గుమ్మం ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే వినబడేదట. టకటక, టకటక. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా అదే పాట.

ఆ ఊళ్ళో మార్కండేయులని ఒక నేతగాడు. ఆయన భార్య నాంచారమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, పేరు భద్ర. మార్కండేయులు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు పెట్టి కూచుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవాడు. నాంచారమ్మ నేతకి కావలసిన నూలుని చిన్న చిన్న కండెలకి చుట్టేది. భద్ర తెగిన పోగులు ముడేసేది. చిన్న వేళ్ళు కదా, వేసిన ముడి ఎక్కడుందో కనబడేది కాదు.

అంతా బాగానే ఉంది కానీ, తల్లీ, ఇంట్లో ఎలుకలు చేరాయి. నేసే ముందు నూలుకి గంజి పెడతారు, పోగు గట్టిగా ఉండాలని. ఆ గంజి వాసనేమో ఎలుకలకి మనకి పాయసం వాసనలాంటిది. మగ్గం మీద పొడుగ్గా బిగించిన నూలుని పడుగంటారు. పొద్దున్నే లేచి చూస్తే ఆ పడుగు ఎక్కడికక్కడ కొరికి ఉండేది.

మొదట పిల్లిని తెచ్చారు. అది ఎలుకల్ని వదిలేసి నూలు ఉండలతో ఆడుకుంది. ఆ చిక్కులు తీసేసరికి నాంచారమ్మకి ఏడుపొచ్చింది. ఆ తర్వాత బోను పెట్టారు. ఎలుకలు లోపలున్న ఎండుచేపని లాక్కుని తినేసి, బోనుని మాత్రం అలాగే ఉంచి పోయాయి. అప్పుడు మార్కండేయులు పొలాల వైపు నుంచి ఒక బుట్ట నెత్తిన పెట్టుకొచ్చాడు. మూత మీద రాయి పెట్టి ఉంది.

"ఏమిటండీ అది?" అంది నాంచారమ్మ.

"జెర్రిపోతు."

నాంచారమ్మ గబుక్కున మంచం ఎక్కేసింది.

"దీనికి విషం లేదే, దిగు. దొండపాదుకి కట్టిన వలలో చిక్కుకుంది. నడుం కోసుకుపోయింది పాపం. చేలో వాళ్ళు కర్రలు తీసుకుని చంపబోతుంటే అడ్డంపడి తెచ్చాను. మనకి ఎలుకల బాధ పోతుంది, దానికింత నీడ దొరుకుతుంది."

నువ్వు మాత్రం, తల్లీ, ఎక్కడ పాము కనబడినా దగ్గరికి పోకూడదు, పెద్దవాళ్ళని పిలవాలి. ఇది కథలో పాము కాబట్టి సరిపోయింది.

నాంచారమ్మ మంచం మీద నుంచే చెప్పింది. "సరే, ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు అయిపోయేదాకా గడువు. ఆలోపు అది ఒక్క ఎలుకనైనా పట్టిందా, ఉంటుంది. పట్టలేదా, ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడే వదిలి రండి. నేను పామున్న ఇంట్లో ఊరికే పడుండను."

ఆ మాట విని భద్ర చేల వైపు చూసింది. అవి కోతల రోజులు. చేలనిండా కొడవళ్ళు, కర్రలు. నడుం మీద పుండుతో అది ఎంత దూరం పాకగలదు? మొదటి గట్టు కూడా దాటదు.

భద్ర బుట్ట మూత కాస్త ఎత్తి చూసింది. గోధుమరంగు ఒళ్ళు, గుండ్రటి కళ్ళు. చుట్ట చుట్టుకుని, తల సగం చుట్టలో దాచుకుని, సన్నగా వణుకుతోంది. దానికి 'పొడుగయ్య' అని పేరు పెట్టింది.

"పేరు కూడా పెట్టేశావూ! ఇంక బారసాల చెయ్యి" అంది తల్లి.

మార్కండేయులు బుట్టని మగ్గం పక్కనే పెట్టాడు. ఎలుకలొచ్చేది అక్కడికే కదా. కానీ పొడుగయ్య బుట్ట దాటలేదు. తలెత్తలేదు. ఎలుక బుట్ట పక్కనుంచే పరిగెత్తుకుపోయినా కదల్లేదు. పడుగు మాత్రం రోజు రోజుకీ తరిగిపోతోంది.

అప్పుడు పక్కింటి ఆదెమ్మత్త వచ్చింది. "పాముకి పాలు పొయ్యకుండా ఉంచారా? ఎవరైనా వింటే నవ్వుతారు" అని చెంబుడు పాలు తెచ్చింది. భద్ర వాటిని మట్టి మూకుడులో పోసి బుట్టలో పెట్టింది. పొడుగయ్య మొహం తిప్పేసుకుంది. భద్ర మూకుడు ఇంకాస్త దగ్గరికి జరిపింది. అది తోకతో ఒక్క తోపు తోసింది. పాలన్నీ బుట్టలో ఒలికిపోయాయి.

ఎండెక్కేసరికి ఆ పాలకి చీమలు పట్టాయి. పాలు నాకి ఊరుకున్నాయా? నడుం మీది పుండు మీదికి ఎక్కాయి. పొడుగయ్య మెలికలు తిరిగిపోయింది. మార్కండేయులు నూలుకి గంజి రాసే మెత్తని కుంచె తెచ్చి, చీమల్ని ఒక్కొక్కటిగా దులిపాడు. భద్ర బుట్ట మూత ఎత్తి పట్టుకుని నిలబడింది. పుండు మళ్ళీ ఎర్రబడింది.

ఆ తర్వాత ఆదెమ్మత్త ఇంకో మాట చెప్పింది. "పూజ చెయ్యకపోతే ఎందుకుంటుందే నీ ఇంట్లో?" వీధిలో ఆడవాళ్ళందరూ పసుపు కుంకుమలతో వచ్చేశారు. ఒకామె బుట్ట మీద పసుపు చల్లింది. ఇంకొకామె సాంబ్రాణి ధూపం వేసింది. గదంతా పొగ. మార్కండేయులు ఈ గోల తనది కానట్టు నేసుకుంటూనే ఉన్నాడు. టకటక, టకటక.

పొగకి పొడుగయ్య బుస్సుమంది. బుట్ట దాటి సర్రున పాకింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ గుమ్మం దాటి బయటికి పరుగెత్తారు. పాము ఎటు పోయిందో భద్ర ఒక్కతే చూసింది.

మగ్గం గుంటలోకి పోయింది. తండ్రి కాళ్ళు ఉన్నది అక్కడే.

"నాన్నా! కాళ్ళు కదపకు!"

మార్కండేయులు అలాగే ఆగిపోయాడు. మగ్గం ఆగింది. విషం లేదని ఆయనకి తెలుసు. తెలిసినా, చల్లటి పాము చీలమండ చుట్టూ బిగుస్తుంటే ఒళ్ళు మాట వింటుందా, తల్లీ? చెక్క తొక్కితే పాము నలిగిపోతుంది. కాలు పైకి లాగితే పుండు చీరుకుపోతుంది.

నాంచారమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

భద్ర గుంట అంచున బోర్లా పడుకుని కిందికి చూసింది. పొడుగయ్య ముందు గజగజ వణికింది. కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి చుట్ట వదులయింది. నాలుక బయటపెట్టి, అటూ ఇటూ ఆడించింది. ఇంటికొచ్చాక నాలుక బయటపెట్టడం అదే మొదలు! మెల్లగా తండ్రి కాలు వదిలి పక్కకి జరిగింది.

మార్కండేయులు "హమ్మయ్య" అని కాస్త కదిలాడు. కాలు చెక్కకి తగిలి, పైన మగ్గం ఒక్కసారి టక్కుమంది. పాము ఒళ్ళంతా ఉలిక్కిపడి మళ్ళీ ముడుచుకుపోయింది.

భద్ర అది చూసింది. చూసి ఊరుకోలేదు.

పాముని బుట్టలో చేర్చి, మార్కండేయులు మళ్ళీ నేత మొదలుపెట్టాక, భద్ర ఆ బుట్ట పక్కనే కడుపు నేలకానించి పడుకుంది. టక్కుమన్నప్పుడల్లా కడుపులో దడ్ దడ్. పళ్ళలో కూడా దడ్ దడ్. మనకి రెండే చెవులు. దానికి పైకి కనబడే చెవే లేదు, అయినా ఒళ్ళంతా చెవే అన్నమాట. ఎంత వింత చూడు!

"నాన్నా, మగ్గం ఆపెయ్యి. ఆ చప్పుడు దానికి నేల్లోంచి తగుల్తోంది."

"మగ్గం ఆపితే మనం ఏం తింటాం అమ్మడూ? పెళ్ళివారు ఈ చీరల కోసం కూచునున్నారు."

"బుట్ట వేరే గదిలో పెడదాం."

"ఏ గదైనా నేల ఒక్కటేగా తల్లీ. పక్కింట్లోనూ మగ్గమే, ఎదురింట్లోనూ మగ్గమే."

అప్పుడు భద్రకి ఏడుపొచ్చేసింది. తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, అరచెయ్యి నేలకి ఆనించింది. "చూడు. నువ్వే చూడు. రోజంతా ఇలా కొడుతుంటే ఎవరికైనా ఆకలేస్తుందా?"

నాంచారమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. తీసుకోలేదు. అలాగే ఉంచి, ఏదో గుర్తొచ్చినట్టు కూతురి వైపు చూసింది.

"నువ్వూ ఇంతేనే" అంది. "పుట్టిన కొత్తల్లో నేల మీద చాపేసి పడుకోబెడితే మగ్గం టక్కుమన్నప్పుడల్లా చేతులు విసిరేసి ఏడ్చేదానివి. పాలు తాగేదానివి కాదు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం, ఏం చేసినా అంతే. చివరికి దూలానికి ఉయ్యాల కట్టి వేశాను. గాలిలో ఉన్నావు కదా, దడ నీదాకా రాలేదు. ఆ రోజు పట్టిన నిద్ర..."

మాట పూర్తి చెయ్యకుండానే లేచింది. వంటింట్లోకి పోయి, ఉట్టి మీదున్న పెరుగు కుండ దించింది. ఉట్టి తెచ్చి మగ్గానికి పైన దూలానికి తనే కట్టింది. అందులో నోరు వెడల్పాటి మట్టికుండ పెట్టి, అడుగున పాత గుడ్డలు పరిచింది.

"నా ముఖాన రాసుంది, పెరుగు ఉట్టి మీద పాముని పెట్టుకోమని" అని సణుగుతూనే ఉంది. ముడి మాత్రం రెండు మెలికలు వేసి గట్టిగా బిగించింది.

మార్కండేయులు పొడుగయ్యని కుండలోకి వదిలాడు. పైకి తాటాకు మూత సగం కప్పారు.

"ఇంక ఎవరూ తొంగి చూడకూడదు" అంది భద్ర. అన్నంత తేలిక కాలేదు, తల్లీ. కుండ కదిలిందేమో అని మెడ ఎత్తేది. మళ్ళీ దించుకునేది. స్టూలు దగ్గరికి వెళ్ళేది. మళ్ళీ వెనక్కొచ్చేది. చూడకుండా ఉండటమే దానికి తను పెట్టగల అన్నం అని తనకి తనే చెప్పుకునేది.

ఒక రోజు పోయింది. చప్పుడు లేదు. మరో రోజూ అంతే. పడుగు చివరికి వచ్చేస్తోంది. భద్ర పోగు ముడేస్తూ, ఇంకెంత మిగిలిందో వేళ్ళతో కొలిచేది.

మార్కండేయులు చెయ్యి నెమ్మదించింది. ఊరికే పోగులు తడిమేవాడు. బాగున్న కండె తీసి చూసి మళ్ళీ పెట్టేవాడు.

"చేతులకేమైనా గోరింటాకు పెట్టుకున్నారా?" అంది నాంచారమ్మ.

ఆయన ఇంకో కండె తీశాడు. ఎంత నెమ్మదిగా నేసినా నేసిందాన్ని విప్పలేడు కదా. ఆఖరి పోగూ అయిపోయింది. మగ్గం ఆగింది.

భద్ర చివరి ముడి మీదే వేలు ఉంచింది. మార్కండేయులు పాత బుట్ట తెచ్చి కింద పెట్టాడు. స్టూలెక్కాడు. తాటాకు మూత తీశాడు. తీసి, అలాగే ఉండిపోయాడు.

"ఏమండీ?"

"లేదు. కుండలో లేదు."

భద్ర గుంటలోకి చూసింది. లేదు. కండెల పెట్టె వెనక చూసింది. లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. వీధి అవతల చేను, చేలో కోతగాళ్ళు. భద్ర గుమ్మం వైపు పరుగెత్తబోయింది.

అప్పుడు పైన పెంకుల కింద 'కీచ్' మని ఒక్క అరుపు. ఒక్కటే. ఆ తర్వాత నిశ్శబ్దం.

ముగ్గురూ తలెత్తారు. వాసం మీద, సగం చీకట్లో, పొడుగయ్య నిండుగా సాగి పడుకుని ఉంది. గొంతు కింద ఒళ్ళు లావుగా ఉబ్బింది. ఆ ఉబ్బు మెల్లగా వెనక్కి జారుతోంది. ఎవరి వైపూ చూడలేదు. తీరిగ్గా దూలం మీదికి వచ్చి, ఉట్టి తాడు పట్టుకుని దిగి, మార్కండేయులు మొహానికి జానెడు దూరంలోంచి కుండలోకి దూరింది. ముందు తల, ఆ తర్వాత ఉబ్బిన పొట్ట, ఆ తర్వాత ఇంత పొడుగు తోక.

మార్కండేయులు ఊపిరి తీసుకోకుండా మూత పెట్టేశాడు.

భద్ర తల్లి వైపు చూసింది. అడగడానికి భయం.

నాంచారమ్మ కింద పెట్టిన బుట్టని కాలితో మూలకి తోసింది.

"స్టూలు దిగండి ఇంక" అంది, గొంతు తగ్గించి. "దిగి, మిగిలిన పోగులతో నాకొక ఉట్టి అల్లి పెట్టండి. పెరుగు కుండ ఎన్నాళ్ళని నేల మీద పెట్టుకోను?"

భద్ర తల్లి నడుం చుట్టూ చేతులేసి, మొహం దాచుకుని, అప్పుడు ఏడ్చింది. అది వేరే ఏడుపులే, తల్లీ.

ఎలుకేమో పొట్టలోకి, పొడుగయ్య కుండలోకి,
కొత్త ఉట్టి దూలానికి, పెరుగేమో ఉట్టిలోకి,
కళ్ళు రెండూ నిద్దర్లోకి,
కథేమో కంచికి, నువ్వూ నేనూ మంచానికి!