నీలాలమ్మ తొక్కని నడుం

పూర్వం ఒకనాటి మధ్యాహ్నం, వాన అప్పుడే వెలిసి తూర్పుగాలి తిరిగిన వేళ, ఉప్పు మడుల గట్టుమీద ఎర్రయ్య తట్టతో సహా జారిపడ్డాడు. అతని అక్క గున్నమ్మకు ఒక్కతే కూతురు, నీలాలు. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల. అలా పుట్టినవాళ్లు ముమ్మారు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం గనుక, మడుల్లో ఎవరికి నొప్పి వచ్చినా ఏటి ఒడ్డున నల్లబండ మీద బోర్లా పడుకుని ఆ చిన్ని పాదాల కోసం ఎదురుచూసేవారు.

ఎర్రయ్యనూ అలాగే పడుకోబెట్టారు. నీలాలు కాలెత్తి, ఎందుకో దించేసి, అతని అరికాలు గిల్లింది.

"తెలుస్తోందా మావా?"

"ఏదీ, గిల్లు మరి," అన్నాడు ఎర్రయ్య.

మూత్రంతో పంచె తడిసిన సంగతీ అతనికి తెలియలేదు. పిల్ల తొక్కనంది. మావ పరికిణీ కుట్టించలేదని అలిగిందంటూ అందరూ ఆటపట్టించారు, గున్నమ్మ కసిరింది. నీలాలు అవతలి ఒడ్డు వైద్యుణ్ణి తెస్తానని ఏట్లోకి దిగింది. అది పోటు వేళ. పొద్దు గూకకముందే వలలో శవమై దొరికింది.

దీపాలు పెట్టాక వైద్యుడు పడవ దిగి, "నన్ను పిలుచుకొచ్చిన పిల్లేది? ఇప్పుడే నాకంటే ముందు దిగిందే," అన్నాడు. పడవ నుంచి తడి అడుగులు బండ ఎక్కి, ఎర్రయ్య కాళ్ల దగ్గర ఆగి ఉన్నాయి. ఆ నడుం తొక్కి ఉంటే మనిషి మళ్లీ లేచేవాడు కాడని చెప్పి, వెన్ను కదలకుండా బల్లకు కట్టించి తీసుకుపోయాడు వైద్యుడు. ఏడాది తిరిగేసరికి ఎర్రయ్య నడిచి వచ్చి, ఆ బండకు మొదటి పసుపు పూశాడు.

నీలాలమ్మ బండ మీద ఆ రెండు పాదాల తడి వైశాఖపు ఎండకు కూడా ఆరదు. అక్కడ వెలిసిన గుడిలో నేటికీ పూజారమ్మ ముందు అరికాలు గిల్లి, మూత్రం తెలుస్తోందా అని అడిగాకే ఎదురుకాళ్లవారిని తొక్కనిస్తుంది. తెలియనివారి కోసం గుడి పక్కన ఎప్పుడూ ఒక బల్ల ఉంటుంది.

పోయిన నెల నడుం పట్టేసిన మా అబ్బాయిని ఆ బండ మీద పడుకోబెట్టాం.

"తెలుస్తోందా బాబూ?"

"ఏదీ, గిల్లండి," అన్నాడు.

ఆవిడ గిల్లుతూనే ఉంది. నేను చూస్తున్నాను.

ఆ బల్లమీదే పెద్దాసుపత్రికి చేర్చాం. ఆ పూటే ఆపరేషన్ చేశారు.

ఇవాళ ఇంటికి వచ్చాం. మా ఆయన వచ్చారు. పెద్దమ్మాయి వచ్చింది. కర్ర ఊతంతో మావాడు వచ్చాడు. వెనక నేను.

గడప మీద, మా అందరికంటే ముందు, చిన్న తడి అడుగులు. వాటినీ లెక్కలో వేసుకున్నాను.