రెండో బంతి

సర్వేకి వెళ్ళొచ్చారుగా, అక్కడ ఎవరెవరిని చూశారో ముందు చెప్పండి!

పూర్వం ఒక మంత్రి గురుకుల విద్యార్థులను ఊరి సేవకని పంపి, "ఏరు దాటడం కష్టమా?" అని ఇవతలి గట్టు సంతలో అడిగించాడు. దాటి వచ్చినవాళ్ళంతా కష్టమేం లేదన్నారు. "ఇక వంతెన దండగ," అని తేల్చేశాడు మంత్రి.

ఆ పూట ఇవతలి గట్టున వాళ్ళకు విందు వండింది అవతలి గట్టు నుంచి వచ్చిన గురవమ్మ. వరదలో ఏరు దాటించలేక, కిందటేడు పురిటి మనిషిని పోగొట్టుకున్న ఊరు ఆమెది. మొదటి బంతిలో తిని లేచిన విద్యార్థులను "ఆకలుందా బాబూ?" అని అడిగింది. అందరూ లేదన్నారు. వెంటనే పొయ్యి ఆర్పేసింది.

రెండో బంతిలో ఆకు ముందు కూర్చున్న మంత్రి మండిపడ్డాడు. "నేనింకా తినలేదే!"

"తిన్నవాళ్ళందరినీ అడిగాను దొరా, ఒక్కరికీ ఆకలి లేదు. తమరి పద్ధతే!"

విద్యార్థులు పంచెలెగ్గట్టి ఏట్లోకి దిగారు, దాటలేనివాళ్ళను అడగడానికి. ఆ ఏడే వంతెన కట్టారు.

మరి మీ లెక్కలోకి రానివాళ్ళ గడప ఎప్పుడు తొక్కుతారు?