మసిమూతి మామ అలారం

మనుషులు ఆ కొండకు ఏం పేరు పెట్టుకున్నారో గానీ, జంతువులు మాత్రం నీళ్ళగట్టు అంటాయి. ఎండాకాలంలో చుట్టుపక్కల ఎక్కడా చుక్క దొరకదు, అక్కడి వాగులో మాత్రం దొరుకుతుంది. నీళ్ళున్నచోట దుప్పులుంటాయి. దుప్పులున్నచోట చిరుత ఉంటుంది. అందుకని తాతలనాటి కట్టుబాటు ఒకటి నడుస్తోంది. తెల్లవారగానే వాగు ఒడ్డున మద్దిచెట్టు చిటారుకొమ్మన కొండముచ్చు కూర్చుని నాలుగు దిక్కులా చూస్తాడు. చిరుత జాడ లేకపోతే పిలుస్తాడు. ఆ పిలుపు వినబడితే తప్ప ఏ దుప్పీ నీళ్ళలో మూతి పెట్టదు. అందుకు బదులుగా, నేలమీద వచ్చే ముప్పును దుప్పులు వాసన పట్టి కొండముచ్చులకు చెబుతాయి. రాతకోతల్లేని ఒప్పందం. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు.

ఈ కథ నాటికి ఆ కాపలా మసిమూతి అనే కొండముచ్చుది. చుక్కాలమ్మ అనే దుప్పి అతన్ని అన్నా అని పిలిచేది. పూసలు అనే ఆమె కూతురు, గున్నడు అనే పాలు మరవని కొడుకు మామా అనేవాళ్ళు. ఇక అడివంతా మామా అనడం మొదలుపెట్టింది.

కొండపైన మనుషులు ఫొటోలు దిగే బండ ఒకటుంది. ఒకరోజు ఓ పెద్దమనిషి పక్కన పెట్టుకున్న సంచిని పల్లీల కోసం మసిమూతి ఎత్తుకొచ్చాడు. పల్లీలు లేవు. మెడలో వేసుకునే తాడుతో ఓ ఫోను, ఎండలో పెడితే చార్జింగ్ ఎక్కే పలక ఉన్నాయి. అలాంటిలాంటి ఫోను కాదు, ఈమధ్య కొండెక్కే ప్రతివాడి చేతిలోనూ కనబడుతున్న రకం, వీపున మూడు కళ్ళది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

ఉన్నమాట చెప్పాలి, మొదట్లో అది మేలే చేసింది. గున్నడు బండల సందులో జారిపోయి అరుస్తుంటే, దాని లైటు వేసి వెతికి పట్టుకున్నారు. దూరంగా గడ్డిలో కదిలే తోకను కూడా ఆ మూడు కళ్ళు దగ్గరికి లాగి చూపించాయి. చిరుత అటు తిరిగేలోపే మసిమూతి ఇటు కేకేసేవాడు. పక్క కొండ బంధువులు కూడా ఫోను చూడ్డానికే వచ్చి, మామకు నేరేడుపళ్ళు పెట్టి వెళ్ళారు.

పేరు పెరిగింది, మెడ వంగింది. దిక్కులు చూడాల్సిన కళ్ళు అరచేతిలోకి దిగాయి. ఇంకెవరూ ముట్టుకోకుండా తన వేలు పెడితేనే తెరుచుకునేలా, తన వేలు పెడితేనే నోరు మూసుకునేలా దాన్ని మార్చుకున్నాడు. రాత్రంతా దాంతోనే గడిపి, తెల్లారేసరికి కొమ్మమీద తూలేవాడు.

ఇదంతా గుంటనక్క జిత్తయ్య చూస్తున్నాడు. మనుషులు పారేసిన ఎంగిలి విస్తళ్ళ దగ్గర పెరిగినవాడు కాబట్టి వాళ్ళ విద్యలు కొన్ని వాడికీ తెలుసు.

"మామా, ఏంటా ఆవలింతలు? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది గానీ, తెల్లారగట్ల లేవడమే కష్టమైపోతోంది జిత్తయ్యా."

"చేతిలో ఇంత వస్తువు పెట్టుకుని నువ్వు లేవడమేంటి? నీ పిలుపు అందులో ఒకసారి రికార్డు చెయ్యి. అలారంగా పెట్టెయ్యి. వేళకి అదే పిలుస్తుంది. నువ్వు దుప్పటి... అదే, ఆకులు కప్పుకుని పడుకో."

"మరి చూడ్డం?"

"ఇన్నాళ్ళూ చూశావుగా. చిరుత రోజూ వస్తుందా? వచ్చిననాడు చూద్దువు."

నక్క వినయానికి లోబడినవాడు బాగుపడ్డట్టు ఎక్కడా లేదు. అయినా నిద్ర తీపి. ఆ పొద్దున్నే మసిమూతి ఫోను నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు. "రండమ్మా రండి, భయం లేదు!" చెట్టుకిందే ఉన్న పూసలు, "వస్తున్నా మామా!" అంది. ఆ మాట కూడా అందులోనే పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటినుంచి ఫోను పిలిచేది, పూసలు ఎప్పట్లాగే పలికేది, మసిమూతి నిద్రమత్తులోనే వేలు పెట్టి దాని నోరు మూసేవాడు, దుప్పులు దిగేవి.

"ఎందుకే ఒక్క పిలుపుకు రెండుసార్లు పలుకుతావ్?" అని తల్లి ఒకనాడు విసుక్కుంది.

"ఒక్కసారే పలికానమ్మా."

"నా చెవులకేమైనా పట్టిందా?"

"పట్టిందేమో, కడుక్కో" అని పూసలు నవ్వుతూ నీళ్ళలోకి గెంతింది.

ఇక జిత్తయ్య తిన్నగా చిరుత గుహకు పోయాడు.

"దొరా, ఇకమీదట తమరు పొదల్లో దేకాల్సిన పన్లేదు. తమరున్నా లేకున్నా ఆ పిలుపు వినబడుతుంది. మిగిలిందేదో నాకు పడేస్తే చాలు."

"అబద్ధమైతే?"

"అబద్ధమైతే నన్నే తినండి" అన్నాడు జిత్తయ్య. నోరు జారడమంటే అదే.

మర్నాడు పిలుపు వినబడింది. "వస్తున్నా మామా" అంటూ పూసలు అందరికంటే ముందు దిగింది. గడ్డి కదిలింది. ఒకే ఒక్క అరుపు. చుక్కాలమ్మ తిరిగి చూసేసరికి కూతురి కాళ్ళు నేలమీద లేవు. చిరుత దాన్ని మెడ పట్టి ఈడ్చుకుపోవడం ఆ తల్లి కళ్ళారా చూసింది. ఆ చూపు ఇక ఆమెను వదల్లేదు.

"అన్నా, నువ్వు పిలిచావు. నువ్వు పిలిస్తేనే నా బిడ్డ దిగింది" అని చెట్టుకింద నిలబడి ఏడ్చింది.

"నాకు... నాకు కనబడలేదమ్మా" అన్నాడు మసిమూతి. అంతకంటే నిజం చెప్పే ధైర్యం రాలేదు. ఆమె వెళ్ళాక ఫోనును కిందికి విసిరేశాడు. విసిరేశాడు గానీ అలారం తీసెయ్యలేదు. జిత్తయ్య ఆ తాడులో మెడ దూర్చుకుని, నగ వేసుకున్న పెళ్ళికొడుకులా నడిచిపోయాడు.

దుప్పులు మద్దిచెట్టు రేవు వదిలేశాయి. అదే వాగు పైన, బండల నడుమ ఉన్న మడుగుకు మారాయి. అక్కడ కాపలా కాసేవాళ్ళెవరూ లేరు. ఆకు రాలినా గుండెలు జారిపోతున్నాయి. దాహం మాత్రం ఎవరిమాటా వినదు. మర్నాడు తెల్లవారుతుండగా పొదచాటున నిలబడి, దిగాలో వద్దో తెలియక మంద మొత్తం ఎండిన నాలుకలు చప్పరిస్తోంది.

అప్పుడు మడుగు అవతలి తుప్పల్లోంచి పిలుపు వచ్చింది.

"రండమ్మా రండి, భయం లేదు!"

"మామ! మనకోసం ఇక్కడికీ వచ్చాడు!" అని మంద ఊపిరి పీల్చుకుంది. ముందు కాలు వేసింది కూడా.

ఆ వెనకే ఇంకో గొంతు. "వస్తున్నా మామా!"

చుక్కాలమ్మ ఎత్తిన కాలు అలాగే ఆపింది. అది పూసలు గొంతు. నవ్వు కలిసిన ఆ గొంతును తల్లి పొరబడదు.

"అక్క! అమ్మా, అక్క బతికే ఉంది!" గున్నడు పొద దాటి ఉరికాడు.

ఆమె కాళ్ళు కూడా కదిలాయి. చచ్చిన బిడ్డ గొంతు వింటే ఏ తల్లి కాళ్ళు నిలుస్తాయి? రెండడుగులు వేసింది. మూడో అడుగులో ఆ గడ్డి, ఆ మెడ, ఆ ఈడ్పు కళ్ళముందుకొచ్చాయి. ఒక్క గెంతులో కొడుకుకు అడ్డం పడింది.

"ఆగరా! అది అక్క కాదు."

"అక్కేనమ్మా, విను!"

"గొంతు అక్కదే. అక్క కాదు."  తుప్పలవైపు తిరిగి గొంతు పెంచి అడిగింది. "అన్నా! వచ్చావా? నీ చెల్లెలి పేరేమిటో చెప్పి పిలువు, వస్తాను."

తుప్పల్లో జిత్తయ్య ఇంకా కిందికి నక్కాడు. మళ్ళీ ఫోనే పలికింది.

"రండమ్మా రండి, భయం లేదు!" "వస్తున్నా మామా!"

"నా కొడుకు నీళ్ళలో పడ్డాడన్నా, దిగి రా!"

"రండమ్మా రండి, భయం లేదు!"

మందలో ఒక్కటీ కదల్లేదు. ఏమడిగినా అదే మాట, అదే నవ్వు, చచ్చినదాని నోట అదే జవాబు. దాహంతోనైనా చస్తాం గానీ అటు అడుగెయ్యం అని ముసలి దుప్పులు కూడా వెనక్కి జరిగాయి.

కింద మద్దిచెట్టు మీద కూర్చున్న మసిమూతికి ఆ పిలుపు వినబడింది. తాను ఇక్కడుంటే తన గొంతు అక్కడినుంచి వస్తోంది.  కొమ్మనుంచి కొమ్మకు దూకుతూ మడుగు పైకి చేరి, చాలా రోజుల తరవాత తన కళ్ళతో కిందికి చూశాడు. రెల్లులో చిరుత. తుప్పల్లో నక్క. వాడి మెడలో తన ఫోను.

"ఖర్ర్! ఖక్! ఖక్! చిరుత! రెల్లులో చిరుత! పారిపొండి చుక్కాలమ్మా!"

అసలు గొంతు అది. వణికింది, చీలింది, పేరు పెట్టి పిలిచింది. మంద రాళ్ళెగరేస్తూ కొండెక్కిపోయింది.

రెల్లులోంచి చిరుత మెల్లగా లేచాడు. నోటిదాకా వచ్చిన వేట జారిపోయింది. జిత్తయ్య వైపు తిరిగాడు.

"అబద్ధమైతే ఏమన్నావురా?"

జిత్తయ్య పరుగు లంకించుకున్నాడు. ముళ్ళపొదలో దూరి ఊపిరి బిగబట్టాడు. నక్కలకు దాక్కోవడం నేర్పక్కర్లేదు. కానీ మెడలో ఉన్నది ఊరుకోలేదు.

"రండమ్మా రండి, భయం లేదు!"

అడుగుల చప్పుడు దగ్గరైంది. వాడు ఇంకో పొదకు ఉరికాడు. బండకింద దూరాడు. పంజాతో గీకాడు, పళ్ళతో కొరికాడు. తాడు తెగలేదు, గొంతు ఆగలేదు. ఎక్కడ నక్కితే అక్కడినుంచే అది పిలుస్తోంది.

"మామా! మసిమూతి మామా! నీ కాళ్ళు మొక్కుతా, ఒక్కసారి దిగొచ్చి దీనిమీద వేలు పెట్టు!"

చెట్టుమీద మసిమూతి దుప్పులు వెళ్ళిన దారివైపే చూస్తున్నాడు. గున్నడు చివరి బండ ఎక్కేదాకా కన్ను తిప్పలేదు.

"దిగుదును జిత్తయ్యా. నేను దిగితే ఇక్కడ కాపలా ఎవరు?"

బండకిందినుంచి ఇంకొకసారి వినబడింది. "రండమ్మా రండి, భయం లేదు!" చిరుత వంగి లోపలికి చూశాడు. నక్క అరుపు మీదుగా పూసలు గొంతు నవ్వుతూ పలికింది. "వస్తున్నా మామా!"

కాపలా ఒక వస్తువుకు అప్పగిస్తే, ఆ వస్తువు ఎవడి మెడలో ఉంటే వాడే మన కాపలాదారు.