ఏడుపూ నవ్వూ కలిసిన పాట

అనగనగా, వెదురు పొదలు దట్టంగా పెరిగిన ఒక అడవిలో వయ్యారమ్మ అనే గోరువంక ఉండేది. అక్కడ ఏ వేడుక జరిగినా పాట ఆమెదే. వడ్రంగిపిట్ట తాతయ్య చెట్టు మీద టకటకా తాళం వేసేవాడు. పాట అయ్యేదాకా ఆ టకటక ఆగేది కాదు.

వయ్యారమ్మ ఏ మాటనీ తిన్నగా వదిలేది కాదు పిల్లలూ! "రా" అనడానికి "రా...ఆఆ...రరీ...రారరా" అని పన్నెండు మెలికలు తిప్పేది. ఒకసారి "వాన వచ్చింది" అనే పాట ఎత్తుకుంది. "వాన" దాటి "వచ్చింది" దగ్గరికి చేరేసరికి వాన వెలిసిపోయింది!

పైగా ఆమెకో పద్ధతి ఉండేది. ఒక పాటలో ఒకటే భావం. ఏడుపైతే మొదటినుంచి చివరిదాకా ఏడుపే.

ఒకరోజు ఏనుగు గౌరమ్మ పిల్ల బుజ్జిగాడు కనబడకుండా పోయాడు. మూడో రోజున బురదగుంటలో దొరికాడు. జంతువులన్నీ కలిసి తీగలు కట్టి పైకి లాగాయి. ఆ సంతోషంలో గౌరమ్మ అందరినీ విందుకి పిలిచింది.

"వయ్యారమ్మా, మా బుజ్జిగాడి కథ పాడమ్మా" అని అడిగింది.

"అలాగే వదినా. ఏడుపు పాటా, నవ్వు పాటా?"

"రెండూను. మూడు రోజులు ఏడ్చాను కదా! వాడి చెవి బురదలోంచి కనబడగానే నవ్వాను."

"రెండూ ఒకే పాటలోనా? మా తాతల నాటినుంచీ అలా లేదు!"

"నా ఏడుపు వదిలేస్తే నా నవ్వు ఎవరికి అర్థమవుతుంది?" అంది గౌరమ్మ.

వయ్యారమ్మ వినలేదు. ముందు ఏడుపు పాట పాడింది. ఎంతకీ ఏడుపే. ఎలుగుబంటి గుర్రు పెట్టింది. బుజ్జిగాడు కంగారుపడి, "అమ్మా, నేను ఇంకా దొరకలేదా?" అన్నాడు.

తర్వాత నవ్వు పాట పాడింది. "పిల్లాడు తప్పిపోతే ఇంత సంబరమేమిటి?" అంది జింక.

గౌరమ్మ ముఖం చిన్నబోయింది.

అప్పుడు చుక్కమ్మ అనే పికిలిపిట్ట మెల్లగా, "పిన్నీ, నేనొకసారి పాడనా?" అంది.

మెలికలే రాని గొంతు! వయ్యారమ్మకి కోపం వచ్చింది. కానీ గౌరమ్మ ముఖం చూసి, "సరే, పాడు" అంది.

"బుజ్జిగాడు లేడు... బుజ్జిగాడు లేడు..." అని చుక్కమ్మ నిదానంగా పాడింది. గౌరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తాతయ్యా, ఇక్కడ ఆగు" అంది చుక్కమ్మ.

"ఆగాలా? నలభై ఏళ్లలో నన్నెవరూ ఆగమనలేదే!" అంటూనే తాతయ్య ఆగాడు.

అడవి నిశ్శబ్దమైపోయింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"అదిగో చెవి!" అని చుక్కమ్మ గొంతెత్తింది. టకటక మళ్లీ పరుగు తీసింది. ఎలుగుబంటి ఏడుస్తూనే పకపకా నవ్వింది. గౌరమ్మ బుజ్జిగాడిని తొండంతో దగ్గరికి లాక్కుంది. వయ్యారమ్మ, "నా కంట్లో నలుసు పడింది" అని అటు తిరిగింది.

కాసేపటికి వయ్యారమ్మ వచ్చి చుక్కమ్మ పక్కన వాలింది. "అలా ఆగడం నాకూ నేర్పవే" అంది.

"నేర్పుతా పిన్నీ. చెవి కనబడిన చోట మీ మెలిక ఒకటి నాకు కావాలి."

"ఒకటేనా? పోనీ అయిదు?"

"ఒకటే పిన్నీ!"

ఇద్దరూ కలిసి మళ్లీ పాడారు. చెవి కనబడిన చోట వయ్యారమ్మ ఒకే ఒక్క మెలిక తిప్పింది. అడవంతా ఎగిరి గంతేసింది.

నీతి: నేర్పు ఎంతున్నా, మనసులో ఉన్నదాన్ని ఎదుటివాళ్ల మనసుకి చేర్చినప్పుడే దానికి అందం.