ఎత్తు తీగల గిటారు

అనగా అనగా, తెరచాప ఓడలు గాలినే నమ్ముకుని తిరిగే రోజుల్లో, సముద్రపు ఒడ్డున వెన్నెలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నాన్ని హేమాంగదుడనే రాజు ఏలేవాడు.

ఒకనాడు దూరదేశపు ఓడ ఒకటి ఆ రేవులో లంగరు వేసింది. నావికులు ఒడ్డుకు దిగి, ఇసుకలో కూర్చుని ఒక వింత వాద్యం వాయించారు. దానికి ఆరు తీగలు, పొడవాటి మెడ, నడుము దగ్గర సన్నబడ్డ చెక్కపెట్టె. దాన్ని గిటారు అంటారని చెప్పారు. ఆ నాదం రాజు మనసును పట్టేసింది. ఓడలో ఉన్న గిటార్లన్నీ కొన్నాడు. రేవు పక్కనే సంగీతశాల కట్టించాడు. "నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారెవరైనా ఇక్కడికి రావచ్చు" అని చాటింపు వేయించాడు. తన ఆస్థాన విద్వాంసుడు నావికుల దగ్గర ఆ విద్య నేర్చాడు గనుక, అతడికి స్వరభూషణుడని బిరుదిచ్చి గురువుగా నియమించాడు.

రాజు మనసు మంచిదే. కానీ శాల కట్టించాక, లోపల ఏం జరుగుతోందో చూడటానికి పదేళ్లలో ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. అది రాజు తప్పు. కథ చెప్పేవాళ్లు రాజుల తప్పులు దాచకూడదు, పిల్లలూ.

ఆ పదేళ్లలో ఎందరో ఆశగా శాలకు వెళ్లారు. పడవలు నడిపేవాళ్లు వెళ్లారు, కుండలు చేసేవాళ్లు వెళ్లారు, ముసలివాళ్లు వెళ్లారు. నెల తిరిగేసరికి అందరూ తలవంచుకుని తిరిగొచ్చారు. స్వరభూషణుడు అందరికీ ఒకే మాట చెప్పి పంపేవాడు.

"నీ చేతిలో సంగీతం లేదు."

పట్నమంతటికీ విద్య అబ్బింది ఇద్దరికే. ఆ ఇద్దరూ ఆయన మేనల్లుళ్లు.

ఆ పట్నంలోనే పైడమ్మ ఉండేది. నలభై అయిదేళ్ల మనిషి. కొబ్బరి పీచుతో ఓడలకు మోకులు పేనడం ఆమె పని. పేనిన మోకును రెండు గుంజల మధ్య బిగించి, వేలితో ఒక్కసారి మీటి, ఆ మోత విని, పురి సరిగ్గా పడిందో లేదో చెప్పేది. ఆమె చెప్పిన మాట ఎన్నడూ తప్పలేదు. ఆమె పేనిన మోకు నడిసముద్రంలో తెగిన దాఖలా లేదు.

పైడమ్మకు గిటారు నేర్చుకోవాలని కోరిక. పని తగ్గించుకునే వయసొచ్చింది, పిల్లలు స్థిరపడ్డారు, ఇక తన కోసం కొంచెం బతకాలనుకుంది. శాలకు వెళ్తున్నానని పక్కింటి గవిరయ్యతో చెప్పింది. గవిరయ్య ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి.

"వద్దక్కా" అన్నాడు గవిరయ్య. "ఏడేళ్ల కిందట నేనూ వెళ్లాను. నా చేతిలో సంగీతం లేదన్నారు. ఆ రోజు నుంచి నా కూతురికి జోల కూడా పాడలేదు."

"జోలపాటకి చేతులెందుకు తమ్ముడూ?"

"నాలోనే లేదన్నారు కదక్కా. లేనిది నోట్లోంచి ఎలా వస్తుంది?"

పైడమ్మ మర్నాడు పొద్దున్నే శాలకు వెళ్లింది.

శాలకు బయట ఒక వసారా, లోపల ఒక గది. కొత్తవాళ్లంతా వసారాలో, మేనల్లుళ్లు లోపలి గదిలో. వసారా గోడకు వేలాడుతున్న పన్నెండు గిటార్లలో ఒకటి తీసి స్వరభూషణుడు పైడమ్మ చేతికిచ్చాడు. మూడు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆమె నొక్కింది. తీగ కత్తిలా దిగింది. ముప్పై ఏళ్లు పీచు పేనిన వేళ్లు, అయినా తెగాయి. తీగ మాత్రం 'టప్' మని మూగగా మోగి ఊరుకుంది.

స్వరభూషణుడు నవ్వాడు. "మోకులు పేనే చేతులమ్మా ఇవి. మొరటు వేళ్లు. నాదం ఇలాంటి వేళ్లకు లొంగదు."

పైడమ్మ వేళ్లకు పసుపు రాసుకుని మళ్లీ వెళ్లింది. రోజూ వెళ్లింది. రెండో వారానికి బలమంతా పెట్టి నొక్కితే తీగ మోగసాగింది. కానీ ఆ మోత పైకి జరిగి, శృతి తప్పి పలికింది.

"చెవి కూడా లేదు" అన్నాడు స్వరభూషణుడు.

"అయ్యగారూ, తీగ తప్పు పలుకుతోందని నాకూ వినిపిస్తోంది. వినబడకపోతే కదా చెవి లేనట్టు?" అంది పైడమ్మ.

"ఎదురు మాట్లాడేవాళ్లకు విద్య అబ్బదు" అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

మూడోసారి ఇంకా దారుణం చేశాడు. నెల పూర్తయిన రోజున మేనల్లుళ్లను బయటికి పిలిచి, వసారాలో ఉన్న వాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టి, పైడమ్మను నడుమ కూర్చోమన్నాడు. "నేర్చింది వాయించు" అన్నాడు. ఆమె వాయించింది. సగం తీగలు మూగబోయాయి, సగం శృతి తప్పాయి. మేనల్లుళ్లు పడీపడీ నవ్వారు. వాళ్లు నవ్వారని, ఏం చేయాలో తెలియక మిగతావాళ్లూ నవ్వారు. అంత వయసున్న మనిషిని అలా నవ్వులపాలు చేయడానికి ఆయనకు మనసెలా ఒప్పిందో, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"నీ చేతిలో సంగీతం లేదు. ఇంటికెళ్లి మోకులు పేనుకో. పోయేముందు గిటార్లన్నీ తుడిచి పో" అన్నాడు.

పైడమ్మ తుడవడం మొదలుపెట్టింది. ముందు లోపలి గదిలోవి, ఆ తర్వాత వసారాలోవి. చేతిపని చేసేవాళ్ల వేళ్లు ఊరికే ఉండవు, తుడుస్తూనే కొలుస్తాయి. లోపలి గది గిటార్లకు, తీగకూ మెడకూ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు. వసారాలోని గిటార్లకు చింతగింజ నిలబడేంత సందు.

ఆమె ఒక గిటారును వెల్తురులోకి తెచ్చింది. తీగలు ఆనుకునే ఎముక దిమ్మ కింద సన్నటి చెక్క పేడు ఒకటి దూర్చి ఉంది. దాని వల్లే దిమ్మ లేచింది, దిమ్మతో పాటు తీగలూ లేచాయి. రెండో గిటారు చూసింది. దానికీ ఉంది. మూడో దానికీ ఉంది. పన్నెండింటికీ ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. చాకుతో ఓపిగ్గా చెక్కిన పేళ్లు.

పైడమ్మకు ఒళ్లంతా మండింది. ఆమె తలుచుకున్నది తన వేళ్లను కాదు. ఏడేళ్లుగా తండ్రి గొంతు వినకుండా నిద్రపోయిన గవిరయ్య కూతుర్ని తలుచుకుంది.

తిన్నగా స్వరభూషణుడి దగ్గరికి వెళ్లి, ఒక పేడును అరచేతిలో పెట్టి చూపించింది. "ఇదేంటి అయ్యగారూ?"

ఆయన తొణకలేదు. "అది సాధన. కష్టపడనిదే విద్య రాదు."

"మరి మీ మేనల్లుళ్లకు ఈ కష్టం ఎందుకు పెట్టలేదు?"

స్వరభూషణుడు ఆమె మొహం మీదే తలుపు వేశాడు.

మర్నాడు ప్రజల మొరలు వినే కొలువు ఉంది. వసారాలో తనకిచ్చిన గిటారును, లోపలి గదిలోనిది ఒకదాన్ని తెప్పించమని రాజభటులను అడిగి, పైడమ్మ రాజు ముందు నిలబడింది. జరిగిందంతా చెప్పింది. రాజు స్వరభూషణుడిని పిలిపించాడు.

"పదేళ్లలో నీ మేనల్లుళ్లు తప్ప ఈ పట్నంలో ఒక్కరూ ఎందుకు నేర్వలేకపోయారు?" అని అడిగాడు.

"ప్రభూ, వీళ్ల చెవుల నిండా ఉప్పుగాలి. నేనేం చేయను?" అన్నాడు స్వరభూషణుడు. కొలువులో కొందరు ముసిముసిగా నవ్వారు.

పైడమ్మ కోపంగా ముందుకు వచ్చింది. "మహారాజా, నేను మాటకారిని కాను. ఒక్కటే అడుగుతాను. నాకిచ్చిన గిటారు ఆయన చేతికివ్వండి. వాయించమనండి."

రాజు సరేనన్నాడు.

"శిష్యుల వాద్యాన్ని గురువు ముట్టకూడదు ప్రభూ" అన్నాడు స్వరభూషణుడు.

"నేను అనుమతిస్తున్నాను."

"ఇది మంచి ఘడియ కాదు ప్రభూ."

"ఆ చింత నాకు వదిలెయ్."

"నా వేలు నొప్పిగా ఉంది ప్రభూ."

"ఏ వేలు?" అన్నాడు రాజు. స్వరభూషణుడు ఒకసారి కుడిచెయ్యి, ఒకసారి ఎడమచెయ్యి చూసుకున్నాడు. ఇక దారి లేక గిటారు అందుకున్నాడు.

నొక్కాడు. 'టప్' మంది. గట్టిగా నొక్కాడు. శృతి తప్పింది. పళ్లు బిగబట్టి మళ్లీ నొక్కాడు. సుకుమారంగా పెరిగిన వేలు చిట్లి నెత్తురొచ్చింది. గిటారు కింద పెట్టేశాడు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. తానే ఆ తీగను నొక్కి చూశాడు. వేలి మీద ఎర్రగా పడిన గీతను చాలాసేపు చూసుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడు నువ్వు వాయించు" అని లోపలి గది గిటారును తన చేతులతో పైడమ్మకు అందించాడు.

పైడమ్మ నేల మీదే కూర్చుంది. నెల రోజులుగా ఎత్తు తీగలతో పెనుగులాడిన వేళ్లకు ఈ తీగలు నీళ్లలా తగిలాయి. ఆమె వాయించింది చిన్న పదమే, పసిపిల్లల ఆటపాటంత. కానీ ఆరు తీగలూ పలికాయి. నడుమ ఒకచోట వేలు జారి స్వరం తప్పింది.

"తప్పింది, తప్పింది" అన్నాడు స్వరభూషణుడు ఆత్రంగా.

పైడమ్మ తలెత్తింది. "అవును, తప్పింది. నెల కిందట మొదలుపెట్టినదాన్ని. మొదలుపెట్టినవాళ్లకు తప్పులు పడతాయి. అది నేరం కాదు. పన్నెండు గిటార్లకు పేళ్లు దూర్చి, జనం చేతుల మీదకు నెపం నెట్టడం నేరం."

రాజు స్వరభూషణుడి వైపు తిరిగాడు. "ఎందుకు చేశావు?"

ఆయన తల దించుకున్నాడు. "ఊరందరికీ వస్తే, మీ కొలువులో నాకేం విలువ ఉంటుంది ప్రభూ?"

"ఇతడిని దేశం దాటించండి" అన్నాడు రాజు.

"ఆగండి మహారాజా" అంది పైడమ్మ. "దేశం దాటితే ఈయన ఇంకో ఊళ్లో బతుకుతాడు. ఇక్కడ తలవంచుకుని తిరిగేవాళ్లు అలాగే తిరుగుతారు. వాళ్లకు మోసం ఈయన నోటి నుంచే తెలియాలి. పంపేసిన ప్రతి ఇంటికీ వెళ్లి, తప్పు మీ చేతిది కాదు, నాది అని చెప్పమనండి."

రాజు అదే శిక్ష విధించాడు. స్వరభూషణుడు తన చేతులతోనే గిటార్లలో మిగిలిన పేళ్లన్నీ పీకాడు. తర్వాత ఇంటింటికీ బయల్దేరాడు, వెంట ఇద్దరు భటులు.

కుమ్మరి వీధిలో ఒకాయన ఆ మాట విని, లోపలికి వెళ్లి, చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుని ఏడ్చాడు. పడవలవాళ్ల వీధిలో ఒక ఇంట్లో, ఒకప్పుడు నేర్చుకోవడానికి శాలకు వెళ్లిన ముసలమ్మ నిరుడే చనిపోయింది. కోడలు గుమ్మంలో నిలబడి, "మా అత్త పోయేదాకా తన చేతుల్నే తిట్టుకుంది. ఇప్పుడు ఈ మాట ఎవరికి చెప్తారు?" అని అడిగింది.

గవిరయ్య మాత్రం చివరిదాకా విన్నాడు. "నా కూతురికి ఎనిమిదేళ్లు వచ్చాయి. జోల పాడించుకునే వయసు దాటిపోయింది. అది మీరు తిరిగివ్వలేరు. క్షమించమని మాత్రం అడక్కండి" అని పనికి వెళ్లిపోయాడు.

రాజు సంగీతశాల లోపలి గది గోడ కొట్టించి, వసారాతో కలిపేశాడు. వచ్చిన ఓడల్లోని నావికులను బతిమాలి ఇద్దరిని గురువులుగా నిలుపుకున్నాడు. ప్రతి నెలా తానే వచ్చి ఒక మూల కూర్చునేవాడు. పొద్దున్నే అన్ని గిటార్ల తీగల ఎత్తు కొలిచే పని పైడమ్మకు అప్పగించాడు. కొలిచాక ఆమె కూడా అందరితో పాటు చాప మీద కూర్చుని నేర్చుకునేది. ఏడాది తిరిగేసరికి ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించగలిగింది. మహా విద్వాంసురాలేమీ కాలేదు. కావాలని ఆమె కోరుకోనూ లేదు.

ఒక ఉదయం గవిరయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. తండ్రీ కూతుళ్లిద్దరికీ వేళ్లు నొప్పి పుట్టాయి. మొదట్లో అందరికీ పుట్టేదే. అయినా తీగ నొక్కగానే పలికింది. ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసి నవ్వింది.

నేర్వ వచ్చినవారి చేతికి చెడ్డ పనిముట్టునిచ్చి, లోపం వారి చేతిదే అనడం గురుత్వం కాదు, ద్రోహం. నీకు రాదని ఎవరైనా అన్నప్పుడు తలవంచక, ముందు నీ చేతికిచ్చిన పనిముట్టును పరీక్షించి చూడాలి.